రైలీలో చీమలు

రాజోలులో డాక్టర్ సుందరరావుగారి రైలీ కారు ఆరు నెలల్లో తొమ్మిదోసారి మొరాయించింది. ఇక ఆ కారు మీద చెయ్యి వేయవద్దని డాక్టరుగారు ఆస్పత్రి వాకిట్లో నలుగురూ వింటుండగా మెకానిక్ సాలమోనుతో అనేశారు. అయినా మనసు ఊరుకోక, మర్నాడు మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చిన వేళ చూసుకుని, సాలమోను దొడ్డిదారిన కారు షెడ్డులోకి వచ్చాడు. బానెట్టు ఎత్తాడు. డిస్ట్రిబ్యూటర్ మూతకున్న రెండు క్లిప్పులూ వదులుచేసి మూత పైకి తీశాడు. తీసి, అలాగే నిలబడిపోయాడు. పోయిన వారం మనం అతన్ని విడిచిపెట్టింది అక్కడే.

మూత లోపల చీమలున్నాయి.

ఒకటీ రెండూ కాదు. పంచదార డబ్బాకి పట్టే సన్న ఎర్ర చీమలు. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచిపెట్టే ఆ గుప్పెడంత నల్ల మూతలో, ఇత్తడి ముక్కల చుట్టూ, బెల్లం అచ్చుకి పట్టినట్టు పట్టి ఉన్నాయి. సాలమోను వేలితో తుడిచాడు. జిగురుగా తగిలింది. వాసన చూశాడు. కాస్త సందేహించి నాలిక మీద పెట్టుకున్నాడు. తియ్యగా, చివర్న కొంచెం ఉప్పగా ఉంది. కోనసీమలో పుట్టినవాడికి అదేమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కొబ్బరినీళ్లు.

జబ్బు దొరికిందన్న సంతోషం అతనికి కలగలేదు. కోపమే వచ్చింది. ఈ మూత కోసమే అతను శ్రావణంలో రైలెక్కి మద్రాసు పుదుపేట వెళ్లాడు. పాత సామాన్ల కొట్లన్నీ కాళ్లరిగేలా తిరిగాడు. ఆ పేరుతో కార్లు తయారు కావడమే ఆగిపోయి పదేళ్లయిందని కొట్లవాళ్లు నవ్వారు. చివరికి ఏదో ముక్కలైన బండి లోంచి పీకిన మూత ఒకటి పట్టుకొచ్చి పెట్టాడు. కాయిలు మార్చాడు. పాయింట్లు మార్చాడు. వానాకాలం చెమ్మ అనుకుని సైకిలు ట్యూబు కోసి తొడుగు కుట్టి తగిలించాడు. అన్నీ అయ్యాక కారు పది రోజులు మహారాజులా నడిచేది. పదకొండో రోజు పొద్దున్న డాక్టరుగారు తాళం తిప్పితే దగ్గి ఊరుకునేది.

పద్దెనిమిదేళ్లు మద్రాసులో మోరిస్‌లూ ఆస్టిన్‌లూ విప్పి బిగించిన చెయ్యి అతనిది. రాజోలు వచ్చి షెడ్డు పెట్టాక ఈ చుట్టుపక్కల ఇంగ్లీషు కారనేది ఎవరింట ఉన్నా దాని నాడి చూసేది అతనే. అంబాజీపేట కొబ్బరి వర్తకుడి హిల్‌మన్, కాలేజీ లెక్చరరు గారి హెరాల్డు, మలికిపురంలో రైసుమిల్లు వారి మోరిస్ మైనరు. ఈ ఆరు నెలల్లో ఒక్కొక్కటే అమలాపురం షెడ్ల దారి పట్టాయి. డాక్టరుగారి కారే బాగుచెయ్యలేనివాడు మనదేం చేస్తాడని. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి దగ్గర సంఘపెద్ద దేవసహాయంగారు భుజం మీద చెయ్యేసి, "ఈ పాతబళ్లు మానేసి ట్రాక్టర్లు చూసుకోరాదా సాలమోనూ" అన్నారు. జాలిగానే అన్నారు. ఆ జాలే ఒంట్లో ముల్లులా ఉండిపోయింది.

షెడ్డు తాళాలు రెండే. ఒకటి డాక్టరుగారి జేబులో ఉంటుంది. రెండోది అమ్మగారి బొడ్డు దగ్గర. ఇవాళ తలుపు ఎందుకు తీసి ఉందో ఇందాక అతను ఆలోచించనేలేదు. ఇప్పుడు షెడ్డు వెనక కిటికీ లోంచి చూస్తే అరటి పిలకల మొదట్లో మూడు బొండాలున్నాయి. నిన్నా మొన్నా చెక్కినవి. డాక్టరుగారికి చక్కెర వ్యాధి వచ్చి, బొండాం మానేసి రెండేళ్లు.

"నిన్ను రావద్దన్నారు కదా సాలమోనూ."

డాక్టరుగారి భార్య గంగాదేవి గుమ్మంలో నిలబడి ఉంది. భోజనానికి కట్టుకున్న నేతచీర, చేతిలో తాళాలగుత్తి.

"ఆయ్. అన్నారండి. వెళ్లిపోతానండి. ఇది ఒక్కటీ చూసి చెప్పండి అమ్మగారండీ." మూత ఆవిడ ముందుకు చాపాడు.

ఆవిడ దాని వంక చూడలేదు. "దొడ్డినిండా కొబ్బరిచెట్లు. ఏ ఎలకో బొండాం కొరికి ఉంటుంది. నీళ్లు కారి ఉంటాయి."

"నేను కొబ్బరినీళ్లని చెప్పలేదండి."

గంగాదేవి తాళాలగుత్తి బొడ్డులో దోపుకుంది.

"ఎలక బొండాం కొరికి, బానెట్టు ఎత్తి, రెండు క్లిప్పులూ ఊడదీసి, నీళ్లు పోసి, మళ్లీ మూత పెట్టి క్లిప్పులు బిగించిందాండి?" సాలమోను గొంతు పెంచలేదు. పెంచకుండా ఉండటానికి మాత్రం చాలా కష్టపడ్డాడు. "తొమ్మిదిసార్లండి. తొమ్మిదిసార్లు ఆయన నన్ను పిలిపించి మాటలన్నారు. మీరు ఆ వరండాలోనే కూర్చుని విన్నారు."

ఆవిడ మెల్లగా లోపలికి వచ్చి, గోడవార ఉన్న పాత టైరు మీద కూర్చుంది. ఆ ఇంటి అమ్మగారు టైరు మీద కూర్చోవడం అతను ఎన్నడూ చూడలేదు.

"మొదట మామూలు నీళ్లే పోసేను" అంది. "నువ్వొచ్చి గుడ్డతో తుడిచి ఇట్టే స్టార్టు చేసేసేవాడివి. ఇవైతే జిగురు, తొందరగా పోవు అనిపించింది. ఆ మూతలోకి చెమ్మ వెళ్తే బండి కదలదని నువ్వే చెప్పేవు. నిరుడు వరదల్లో. ఇదిగో, ఇక్కడే నిలబడి విన్నాను."

"ఎందుకండీ?"

ఇంట్లో గడియారం రెండు కొట్టింది. ఆవిడ ఇంటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"ఆయనకి కనపడదు."

సాలమోనుకు మొదట అర్థం కాలేదు.

"బొత్తిగా కాదు. వెలుగూ నీడా తెలుస్తాయి. ఎదురుగా మనిషి నిలబడితే మనిషని తెలుస్తుంది. గొంతు వింటే ఎవరో పోల్చుకుంటారు. మేలుకుని ఉన్నంతసేపూ ఆ పోల్చుకోవడమే ఆయన పని ఇప్పుడు. ఏప్రిల్లో శివకోడు పెళ్లికి వెళ్లి వస్తున్నాం. ఎదురుగా సైకిలు మీద ఒకతను వస్తున్నాడు. ఈయన వాడిమీదికే పోనిస్తున్నారు. వాడు సైకిలు వదిలేసి కాలవలోకి దూకేసేడు. దూకబట్టి బతికేడు. ఈయన కారు ఆపలేదు. అదేమిటండీ అంటే, ఎవరున్నారక్కడ అన్నారు."

చెమట పట్టిన అరచేతులు చీరకి తుడుచుకుంది.

"మద్రాసు వెళ్లి చూపించుకుందామన్నాను. నువ్వు డాక్టరువా నేను డాక్టర్నా అన్నారు. పోనీ డ్రైవర్ని పెడదామన్నాను. రెండ్రోజులు అన్నం మానేసేరు. ఇంకేం చెయ్యను? ఎవరి పిల్లాడో ఈ కారు కింద పడేవరకూ చూస్తూ కూర్చోమంటావా?"

సాలమోను ఆ కారు వంక చూశాడు. కింద ముదురాకుపచ్చ, పైన మీగడ రంగు. లోపల డాష్‌బోర్డు అంతా నున్నటి చెక్క. యాభై తొమ్మిదిలో విదేశంలో పెద్ద చదువు ముగించుకుని వస్తూ డాక్టరుగారు దాన్ని ఓడలో వేయించుకుని వచ్చారు. మద్రాసు రేవులో దింపుకుని, ఏరులు దాటించుకుంటూ, మూడు రోజుల్లో స్వయంగా తోలుకుని రాజోలు చేరారు. చూడటానికి బుద్ధిమంతుడిలా ఉంటుంది గాని లోపల జంట కార్బొరేటర్లు. కాలు ఆనిస్తే చాలు, లేడిలా లేస్తుంది. ఇరవై ఏళ్లలో ఆ స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడిందంటే అది సాలమోనుదే. అదీ షెడ్డులోంచి వాకిట్లోకి తేవడానికి.

"మరి నా సంగతేంటండి?" అన్నాడు. "నాకు ఒక్కమాట చెప్తే ఏమయ్యేదండి? ఏదో వంక పెట్టి నేనే కారు ఆపి ఉండేవాణ్ణి కాదా? సామాను దొరకటం లేదనేవాణ్ణి. ఇంజను దింపేసి ఏడాది కూర్చోబెట్టేవాణ్ణి."

"నీకు చెప్తే సుగుణకి చెప్తావు. సుగుణకి తెలిస్తే ఆస్పత్రికి తెలుస్తుంది."

సుగుణ సాలమోను భార్య. పదకొండేళ్లుగా డాక్టరుగారి ఆస్పత్రిలోనే నర్సు. ఇల్లు వీధి చివర.

"నీ పేరు పోతుందని నేను ఆలోచించలేదంటే అబద్ధం" అంది గంగాదేవి. "ఆలోచించేను. అయినా పోసేను."

ఆవిడ ఏడ్చినా, బతిమాలినా అతని కోపం తీరేదేమో. ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. ఇప్పుడు ఆ కోపాన్ని ఎక్కడ దింపుకోవాలి? బజార్లోకి వెళ్లి, నా పనిలో లోపం లేదురా, డాక్టరుగారికి కళ్లు పోయాయి అని చెప్పుకోవాలా? మూతని గుడ్డతో తుడవబోయి ఆగాడు. అప్పుడు తట్టింది అతనికి.

"కారు ఆపేరు, సరేనండి. మరి ఆపరేషన్ల మాటేంటండి?"

గంగాదేవి తల ఎత్తింది.

"మొన్న లక్ష్మివారం మూడు చేసేరు కదండి. మా బాబాయి కొడుక్కి వరిబీజం చేసింది కూడా మొన్నే కదండి."

"బాగానే చేసేరు కదా" అంది ఆవిడ వెంటనే. చాలాసార్లు తనకి తాను చెప్పుకున్న మాటలా ఉంది అది. "ఈ ఆరు నెలల్లో ఎవరికైనా ఏమైనా అయ్యిందా? ముప్ఫై ఏళ్ల అలవాటు. చేతికి తెలుస్తుంది."

సాలమోను చేతిలో మూత వంక చూసుకున్నాడు. కళ్లు మూసుకుని విప్పగలడు దీన్ని. బిగించగలడు. చీమల్ని మాత్రం చెయ్యి చూడలేదు. కన్నే చూసింది. ఆ మాట ఆవిడతో అందామనుకునేలోపు ఆస్పత్రి వైపునుంచి ఎవరో పెద్దగా పిలవడం వినిపించింది.

వచ్చినవాడు అంజిబాబు. అంతర్వేదిలో పడవ మనిషి. సఖినేటిపల్లి నుంచి అద్దె సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, లుంగీ మోకాళ్లదాకా బురద. రెండ్రోజులుగా భార్యకి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. బండిమీద సఖినేటిపల్లి అత్తవారింటిదాకా తెచ్చారు. ఇక కదిపితే ప్రాణానికి ముప్పంటున్నారు.

డాక్టరుగారు వెనక వరండాలోకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, దువ్వుకున్న తల. సాలమోను ఆయన్ని వేలసార్లు చూసి ఉంటాడు. ఇవాళ మొదటిసారి చూసినట్టుంది. ఎడమచేతి వేళ్లు గోడని రాసుకుంటూ వస్తున్నాయి. మెట్ల దగ్గర అరక్షణం ఆగి, మూడూ లెక్కపెట్టినట్టు దిగారు. దారిలో ఎవరో వదిలేసిన బాల్చీ ఉంది. గంగాదేవి గబగబా వెళ్లి దాన్ని పక్కకి తీసింది. ఇదంతా ఆ ఇంట్లో ఎన్నాళ్లుగా జరుగుతోందో.

"షెడ్డులో ఎవరు?" ఆయన నాలుగు బారల దూరంలో నిలబడి అడిగారు.

"నేనేనండి. సాలమోనుని."

"రావద్దన్నాను."

"ఆయ్."

"బండి కదులుతుందా?"

మూత ఇంకా సాలమోను చేతిలోనే ఉంది. గంగాదేవి కళ్లు అతని మీదే ఉన్నాయి. కదలదంటే అతని పేరు పదోసారి మట్టిలో కలుస్తుంది, సఖినేటిపల్లిలో ఆ ఆడమనిషి ప్రాణం ఎవరి చేతుల్లోనూ ఉండదు. కదులుతుందంటే ఈయన స్టీరింగు ముందు కూర్చుంటారు.

"పది నిమిషాల్లో కదులుతుందండి. తోలేది మాత్రం నేనండి."

డాక్టరుగారు భార్య నిలబడ్డ వైపు తల తిప్పారు. "గంగా, నా బ్యాగు తీసుకురా" అన్నారు. ఆవిడ అడుగులు మెట్లెక్కి లోపలికి వెళ్లేదాకా విన్నారు. ఆ తరవాత షెడ్డులోకి రెండడుగులు వేసి, మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించుకుని, చాలా మామూలుగా అడిగారు.

"చీమలు పట్టేయా?"

సాలమోను చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

"వాసన నాకు తెలీదనుకుంటుంది ఆవిడ. వినాయకచవితి నాడే పోల్చేను."

"తెలిసే... తెలిసే నన్ను అన్ని మాటలన్నారాండీ?"

"అనకపోతే ఎలా? నేను కారు ఎందుకు తియ్యటం లేదని ఊళ్లో అడగరా? సాలమోనుకి పని రాదంటే ఆ ప్రశ్నే పుట్టదు."

గొంతులో క్షమాపణ లేదు. గర్వమూ లేదు. ఫలానా మందు వాడాను, పనిచేసింది అన్నట్టు చెప్పారు. ఒకరు నీళ్లు పోశారు, ఒకరు మాటలు పోశారు, మధ్యన నానింది సాలమోను. మూత ఆ ఇంజను మీద విసిరికొట్టి, ఎవరి కారు వాళ్లు తోలుకోండని వెళ్లిపోవాలనిపించింది. వెళ్లిపోయేవాడే. ఆస్పత్రి గోడ పక్కన అంజిబాబు సైకిలు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు, దాన్ని వదిలితే పడిపోయేలా.

సాలమోను వంగి గుడ్డ తీసుకున్నాడు. పెట్రోలులో తడిపి మూత లోపల తుడిచాడు. చీమలు గుడ్డకి అంటుకుని వచ్చాయి. సందుల్లోది అగ్గిపుల్లతో గోకి, నోటితో ఊది, ఆరబెట్టి మూత బిగించాడు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. నోరే ఊరుకోలేదు.

"కారు నేను తోలతానండి. అక్కడికెళ్లేక? కొయ్యవలసివస్తే?"

"కొయ్యవలసే వస్తుంది."

"ఎలాగండీ?"

"కాంపౌండర్ని మీ ఇంటికి పంపేను. సుగుణ వస్తోంది."

"ఆవిడ డ్యూటీ పొద్దున్నే అయిపోయిందండి."

"ఆవిడ లేకపోతే నేను వెళ్లి లాభం లేదు సాలమోనూ." డాక్టరుగారు మొహం అతని వైపు తిప్పారు. చూపు కొంచెం పక్కకి పడింది, అతని చెవి దగ్గర. "ఏప్రిల్ నుంచి ఆపరేషను గదిలో కత్తి పట్టుకుంటున్నది సుగుణ. నేను పక్కన నిలబడి చెప్తాను, వేళ్లతో తడిమి చూస్తాను. కోసేదీ కుట్టేదీ ఆవిడే. మీ బాబాయి కొడుక్కి కూడా."

సాలమోను బానెట్టు దించాడు. అనుకున్నదానికంటే గట్టిగా పడింది అది.

ఆరు నెలలు. ఆరు నెలలుగా అతను ఇంటికొచ్చి ఈ కారుని తిట్టుకున్నాడు, తనని తాను తిట్టుకున్నాడు, కంచం ముందు కూర్చుని అన్నం కెలికాడు. సుగుణ వడ్డించింది. ఊరంతా ఏదో ఒకటి అన్నది గాని ఆమె ఒక్కమాట అనలేదు. అది తనమీద నమ్మకమనుకున్నాడు. ఆయన కళ్ల సంగతి ఆమెకి తెలుసు. తనమీద పడుతున్న మాటలూ తెలుసు. రెండూ తెలిసి పక్కన పడుకుంది.

సీట్లో కూర్చుని, చోకు లాగి, తాళం తిప్పాడు. ఇంజను ఒక్క పట్టున అందుకుంది. ఎంత తియ్యటి చప్పుడు అది. మరో రోజైతే కాసేపు కళ్లు మూసుకుని వినేవాడు.

వాకిట్లోకి తెచ్చేసరికి గేటు దగ్గర సుగుణ నిలబడి ఉంది. చంకలో ఉడికించిన పనిముట్ల స్టీలుపెట్టె, పైన తెల్లగుడ్డ కట్టి. డ్రైవరు సీట్లో భర్తని చూసి ఆమె అడుగు తడబడింది. డాక్టరుగారి ముఖం చూసింది, మళ్లీ భర్త ముఖం చూసింది. ఏం చెప్పుకున్నారో ఆమెకి అర్థమైపోయింది. వెనక తలుపు తీసి డాక్టరుగారిని ఎక్కించి, పక్కన తను కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుంది.

"ముందు పోనివ్వండి" అంది నెమ్మదిగా. "అడగవలసినవి తరవాత అడుగుదురుగాని."

సాలమోను ఏదో అనేలోపే అంజిబాబు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. గంగాదేవి వరండాలో స్తంభం పట్టుకుని చూస్తుండగా రైలీ గేటు దాటింది.

రోడ్డంతా వానకి గుంటలు పడి ఉంది. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు. సాలమోను అద్దంలోకి చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. రెండు మైళ్లు పోయాక అంజిబాబు ఊరుకోలేకపోయాడు. తడిసిన తువ్వాలు మెలిపెడుతూ అతని వైపు తిరిగాడు.

"డాక్టరుగారి చెయ్యి పడితే భయం లేదంటారండి మా పాలెంలో. ఆయన చేత్తోనే చేస్తారు కదండి? మీరు ఆయన దగ్గరోరు, రోజూ చూస్తున్నోరు. మీరొక్క మాట చెప్పండి. మా ఆడమనిషిని ఆయనే చూస్తారు కదండి?"

డాక్టరుగారు కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు, బయట తోటలు కనిపిస్తున్నట్టు. సుగుణ పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని అద్దంలోంచి భర్త కళ్లలోకే చూస్తోంది. అవుననమనీ లేదు ఆ చూపులో, కాదనమనీ లేదు. ఆ చేతులు ఈ మనిషి భార్య కడుపు కొయ్యబోతున్నాయి. ఆ సంగతి ఈ కారులో ఉన్నవాళ్లలో ఇతనికి ఒక్కడికే తెలియదు.

మలుపు దగ్గర సాలమోను వేగం తగ్గించాడు. మలుపు దాటినా మళ్లీ పెంచలేదు. కాలవగట్టు వారకి తీసి, గేరు తప్పించి, ఇంజను ఆడుతుండగానే కారు ఆపాడు.

"ఆపేరేంటండి?" అన్నాడు అంజిబాబు.

"అంజిబాబూ" అన్నాడు సాలమోను, "నీకొక సంగతి చెప్పాలి. చెప్పేక వెళ్దామంటావో వెనక్కి తిప్పమంటావో, అది నీ ఇష్టం."

వెనక సీటులోంచి సుగుణ చెయ్యి వచ్చి అతని భుజం మీద గట్టిగా పడింది.